అన్నయ్య లాప్‌టాప్‌కి విసనకర్ర

నా చిన్నప్పుడు... వేసవి మధ్యాహ్నాల్లో నా పని ఒక్కటే. అన్నయ్య లాప్‌టాప్‌కి విసనకర్రతో విసరడం!

నవ్వకండి... నిజంగానే. ఇంజనీరింగులో చేరాడని నాన్న వాడికి గేమింగ్ లాప్‌టాప్ కొనిపెట్టారు. బరువులో పొత్రానికేమీ తీసిపోదు. ఆట మొదలుపెట్టిన కాసేపటికే కాలిన పెనంలా వేడెక్కిపోయేది. ఇక తెర మీద కారు ఆగి, ఎగిరి, మళ్ళీ ఆగి... చూస్తుంటే మనకే ఎక్కిళ్ళు వచ్చేవి.

తెర మూలన ఒక పచ్చ అంకె ఉండేది. సెకనుకి ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పే అంకె. అది పైకెళ్తే కారు జారిపోతున్నట్టు వెళ్తుంది. కిందికి పడితే అంతే సంగతులు. నెట్‌లో చెప్పిన చిట్కాలన్నీ చేశాడు అన్నయ్య... బొమ్మల నాణ్యత తగ్గించాడు, అక్కర్లేనివన్నీ మూసేశాడు. ఏదీ పనిచేయక, ఆఖరికి లాప్‌టాప్‌ని రెండు పీటల మీద ఎత్తిపెట్టి నన్ను పిలిచాడు.

అమ్మ ఎర్రగుడ్డ అంచు కుట్టిన తాటాకు విసనకర్ర అది. వాడి కళ్ళు రోడ్డు మీద, నా కళ్ళు అంకె మీద...

"ఎంతుందే?"

"ఇరవై రెండన్నయ్యా."

"గట్టిగా ఇసురే... పడిపోతంది."

"సెయ్యి నొప్పెడతంది..."

"ఇంకొక్క మలుపే. ఆపేత్తే ఓడిపోతాం."

ఓడిపోతాం అన్నాడు... అంటే అందులో నేనూ ఉన్నానన్నమాట. ఇక చెయ్యి ఊడిపోయినా ఆపుతానా!

అమ్మ మాత్రం వంటింట్లోంచి, "ఆ పెట్టెకి చామరం వీస్తున్నావేంటే? కరెంటు పోయినప్పుడు నాకు విసరమంటే నీకు ఒళ్ళు బరువు!" అనేది.

అమ్మకేం తెలుసు? గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన కుటుంబం మాది. సెలవులివ్వగానే క్వార్టర్లలో పిల్లలందరూ ఊళ్ళకెళ్ళిపోయేవారు. నాన్నకి సెలవు దొరికేది కాదు, మేము ఉండిపోయేవాళ్ళం. నైట్ డ్యూటీ చేసొచ్చి నాన్న పగలంతా నిద్ర... ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదు. వీధిలో ఆడుకోవడానికి పిల్లలు లేరు. అన్నయ్య సహజంగానే మితభాషి. వాడు రోజు మొత్తంలో నాతో మాట్లాడేది ఆ ఆట ఆడుతున్నంత సేపే. ఆ "ఎంతుందే?" కోసం నేను అన్నం కూడా గబగబా తినేసి, విసనకర్ర పట్టుకుని రెడీగా కూర్చునేదాన్ని.

ఒకరోజు అంకె మరీ పడిపోయింది. ఎంత విసిరినా పైకి లేవలేదు. ఇక లాభం లేదని, సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ద్వారకా నగర్‌లో రిపేరు షాపుకి తీసుకెళ్ళాడు. షాపు నడిపే భాయ్ ఈ ఊరి పాతబస్తీ మనిషి. అడుగు మూత విప్పి, లోపలున్న బుల్లి ఫ్యాన్లలోంచి నల్లటి దుమ్ము చాపలా చుట్టి బయటికి లాగాడు. అందులో పసుపుపచ్చ పీచు...

"అరె, ఏటి బాబూ ఇది? తాటాకు ముక్కలెక్కడ్నుంచొచ్చినాయి?"

"మా సెల్లి ఇసురుతాదండి," అన్నాడు అన్నయ్య సిగ్గుపడుతూ.

ఆయన నావైపు చూసి పకపకా నవ్వాడు. "బాగా ఇసిరినావమ్మా! ఊర్లో దుమ్మంతా లోపలికి తోసేసినావు."

అన్నయ్య కూడా నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నేను ఆ అంకెని పైకి లేపుతున్నాననుకున్నాను.

శుభ్రం చేయించి, కింద నీలం లైట్లు వెలిగే ఫ్యాన్ల స్టాండు ఒకటి కొని తెచ్చాం. మర్నాడు అన్నం గబగబా తినేసి, అలవాటు కొద్దీ విసనకర్ర తీసుకుని వెళ్ళాను. అంకె అరవై దగ్గర కదలకుండా కూర్చుంది. కారు నీళ్ళ మీద పడవలా పోతోంది. అన్నయ్య చెవులకి హెడ్‌ఫోన్లు.

"గెలిసేసానే!" అన్నాడు... తర్వాత నా చేతిలోకి చూసి, "ఇంక అది అక్కర్లేదే. ఎల్లి ఆడుకో."

ఎవరితో?

విసనకర్ర మేకుకి తగిలించి, వసారాలో కూర్చుని ఖాళీ వీధిని చూస్తూ ఆ మధ్యాహ్నమంతా గడిపేశాను. అంత పొడుగు మధ్యాహ్నం నా చిన్నతనంలో మరొకటి లేదు.

ఇప్పుడు నాకూ ఓ గేమింగ్ లాప్‌టాప్ ఉంది. ఇళ్ళ డిజైన్లు గీసే ఉద్యోగం, దానికి అలాంటిదే కావాలి. గోపాలపట్నంలో మేడ మీద చిన్న వాటాలో ఒక్కదాన్నే ఉంటాను. అన్నయ్య మద్దిలపాలెంలో... ఒకే ఊరు, బస్సెక్కితే వచ్చేయొచ్చు. ఆఖరుసారి ఎప్పుడొచ్చాడో గుర్తు చేసుకోవాలి.

మొన్న ఆదివారం ఆ పాత కార్ల ఆట వేసుకుంటే మళ్ళీ అదే ఎక్కిళ్ళు. నెట్‌లో వెతికితే చిట్కా నాకూ దొరుకుతుంది... తెలుసు. అయినా అన్నయ్యకే ఫోన్ చేశాను.

"ఆట ఆగాగి నడుత్తంది అన్నయ్యా. ఓసారొచ్చి సూత్తావా? సేపల పులుసు సేత్తన్నాను..."

"దీనికి రావడమెందుకే! లింకు పంపుతాను, నొక్కు."

నొక్కాను. నా తెర మీద బాణం గుర్తు దానంతటదే కదలడం మొదలుపెట్టింది. మద్దిలపాలెంలో ఉన్న మా అన్నయ్య చెయ్యి అది... ఒక్కో సెట్టింగూ తెరిచి చూస్తూ తిరుగుతోంది. నేను బుగ్గన చెయ్యి పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"బ్యాటరీ ఆదా సేసే మోడ్‌లో పెట్టుకున్నావే, మొద్దూ. మార్చేసాను. ఇప్పుడెంతుందే?"

ఎన్నేళ్ళయిందో ఆ మాట విని...

"తొంభై అన్నయ్యా."

"అయితే అయిపోయింది. ఉంటానే మరి."

బాణం తెర మధ్యలో ఆగిపోయింది. పొయ్యి మీద ఇద్దరికి సరిపడా పులుసు ఉడుకుతోంది. ఇరవై రెండు అని చెప్పి ఉండాల్సింది... అనిపించింది.

ఇప్పుడు అన్నీ ఎక్కడివాళ్ళక్కడే ఉండి బాగుచేసేస్తున్నారు. మంచిదే... కాదనను. కానీ ఒకప్పుడు వస్తువు మొరాయిస్తే, దాని పక్కన ఇద్దరు మనుషులు కూర్చునేవారు.

మీరూ ఎవరి పక్కనో యాంటెన్నా తిప్పుతూనో, టార్చిలైటు పట్టుకునో నిలబడ్డారా? కింద రాయండి... అన్నీ చదువుతాను. ఈ ఆదివారం కూడా నాకు వేరే పనేమీ లేదు.