మావయ్య నల్లబెల్లం

మొన్న విశాఖపట్నంలో మా అమ్మాయి ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. మందు కలపని బెల్లమట, అందుకే రెట్టింపు ధరట. విప్పితే మట్టిరంగు అచ్చులు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. చోడవరంలో మా మావయ్య పెనం మీది ఆవిరి, చెరకుపిప్పి మంట పొగ, బెండకాడల జిగురు వాసన ఒక్కసారిగా గుర్తొచ్చాయి. రెండో ముక్క తినలేకపోయాను.

మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, బెల్లం వండేవాడు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. పెద్ద గొంతు, ఒక చెవికి దారంతో కట్టుకున్న కళ్లజోడు. బెల్లానికి రంగును బట్టే రేటు కాబట్టి చుట్టుపక్కల వాళ్లంతా పాకంలో తెల్లమందు వేసి బంగారు రంగు తెప్పించేవారు. మావయ్య బెండకాడల జిగురుతో మడ్డి తీసి ఊరుకునేవాడు. "బెల్లం వండేవా, బొగ్గు కాల్చేవా బావా?" అని వ్యాపారులు ఆటపట్టిస్తే, "నా రంగే వచ్చింది, ఏటి సేస్తాం" అని నవ్వేవాడు. అత్తకు మాత్రం నవ్వొచ్చేది కాదు. "అందరూ ఏస్తన్నారు, నీకొక్కడికే ఏటి నొప్పి?" అని నా ముందే అడిగిందొకసారి. "సంచిలో పెద్ద రాయొకటి, సిన్న రాయొకటి పెట్టుకుని తూకమెయ్యొద్దని బైబిల్లో ఉందా నేదా? ఈ మందు ఆ రెండో రాయేనే" అన్నాడాయన. "ఆ రాయేదో నా నెత్తినే ఏసెయ్" అంటూ అత్త లోపలికి వెళ్లిపోయింది.

అప్పట్లో నేను ఒక దినపత్రికకు చోడవరం విలేకరిని. ఒక సాయంత్రం సారా కేసులు చూసే ఎక్సైజు అధికారుల నుంచి చీటీ వచ్చింది. వడ్డాది రోడ్డులో ఒక ఆటో నిండా నల్లబెల్లం పట్టుకున్నారట. పేర్లేవీ లేవు. నల్లబెల్లమంటే సారా బట్టీలకేనని అందరం అనుకునే రోజులవి. ఎవరిదో ఏమిటో ఒక్క ఫోనైనా చేయకుండా, "సారా బట్టీలకు తరలిస్తుండగా" అని రాసి పంపేశాను. మర్నాడు టీకొట్టు దగ్గర ఎవరో ఆ వార్త పైకి చదువుతుంటే, పక్కనున్నవాళ్లు అంటే తెలిసింది, ఆ బెల్లం మావయ్యదని. పెళ్లివారి బూరెల కోసం వెళ్తోందది.

ఆ ఆదివారం ఆయన వాక్యం చదవలేదు. ఎవరూ వద్దనలేదు, తనే వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు. నేను దగ్గరికి వెళ్తే, "ఒరే, నన్నొక్క మాట అడిగుంటే సెప్పీవోడిని గదరా" అన్నాడు. మళ్లీ తనే, "రాసినోడివి నువ్వే, నువ్వే దిద్దు. అది పేపర్లో వచ్చేకే మళ్లీ వాక్యం సదువుతాను" అన్నాడు.

మూడు వాక్యాల సవరణ రాశాను. "అధికారులిచ్చిన వార్త, మనకెందుకయ్యా" అన్నారు డెస్కులో. గట్టిగా అడిగితే విలేకరి పని పోతుందని భయపడ్డాను. కాగితం జేబులోనే నలిగిపోయింది. పెళ్లివారు వెళ్లి చెబితే బెల్లం తిరిగిచ్చారు గానీ, అప్పటికే అది వానకు కరిగి చీమలు పట్టింది. ప్రతి ఆదివారం మావయ్య వెనక బెంచీలోంచి నావైపు ఒకసారి చూసేవాడు. అడిగేవాడు కాదు. మళ్లీ చెరకు కోతకు రాకముందే పోయాడు.

అత్త ఆయన బైబిలు నాకిచ్చింది. తూకపురాళ్ల మాట కింద పెన్సిలు గీత ఉంది. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పొద్దన్న చోట ఏ గీతా లేదు. దానితో ఆయనకు పనిపడి ఉండదు. నాకు పడింది.

ఆ రోజు ఆటోలో ఉన్నది తినే బెల్లం. వండింది మా మావయ్య. ఈ రెండు ముక్కలు అచ్చులోకి రావడానికి ఇన్నేళ్లు పట్టింది. వచ్చాక చదువుతానన్న మనిషి లేడు.