బర్మా చెల్లెలికి నేర్పిన ఉపన్యాసం

అరవైల నడుమ ఒక వేసవిలో మా బాబాయి, పిన్ని, వాళ్ళమ్మాయి బర్మా నుంచి ఓడలో వచ్చి, తెనాలిలో బండి మారి, రేపల్లెలో మా ఇంట్లో దిగారు. బాబాయి రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసేవాడు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే ఆ దేశానికీ వచ్చింది. కొన్నేళ్ళు గడిచాక అక్కడి ప్రభుత్వం మిల్లులూ కొట్లూ తన చేతిలోకి తీసుకుని, మనవాళ్ళకు అక్కడ బతుకు లేకుండా చేసింది. పిన్ని మెడలో పసుపుతాడు ఒక్కటే మిగిలింది. మిగతా బంగారమంతా రంగూన్ ఓడరేవులోనే ఊడదీయించారట.

అదంతా విని ఇంటిల్లిపాదీ కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. సర్కారు బాపట్లలో వాళ్ళకు ఇంటిస్థలం ఇచ్చేదాకా మా దగ్గరే ఉంటారన్నారు. వారం తిరిగేసరికి నాకు కడుపుమంట మొదలైంది. ఆ పిల్ల నాకన్నా నాలుగు నెలలు చిన్న. నా కొత్త పరికిణీ తీసి దానికిచ్చారు. నాయనమ్మ పక్కన నేను పడుకునే చోటూ దానిదే అయింది. ఏదో చెట్టు బెరడు అరగదీసి గంధంలా బుగ్గలకు రాసుకుని అరుగు మీద కూర్చుంటే, వీధిలో ఆడవాళ్ళంతా చూడటానికి వచ్చేవాళ్ళు. కొత్తొక వింత, పాతొక రోత అంటారు. ఆ ఇంట్లో పాత నేనే.

నాకంటూ మిగిలింది ఒకటే. ఏటా ఆగస్టు పదిహేనున బడిలో జెండా కింద మాట్లాడేది నేను. ఆ ఏడు హెడ్మాస్టరు, ఇంకో స్వతంత్ర దేశం చూసొచ్చిన పిల్ల కదా, ఈసారి ఆమె చేత మాట్లాడిద్దామన్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. పైపెచ్చు ఉపన్యాసం రాసి నేర్పే పని నాన్న నాకే పురమాయించాడు. దానికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవటం రాదు.

అప్పుడు నేనొక పాడుపని చేశాను. నిరుడు నేను చెప్పిందే దానికి అంటగట్టాను. విన్నదే కదా అని అందరూ ఆవలిస్తారని నా ఆశ. అందులో ఒక వాక్యానికి నాకు చప్పట్లు మోగాయి: "పరాయివాళ్ళు మన తిండి తిన్నారు, మన సొమ్ము దోచారు, వాళ్ళను ఓడలెక్కించి తరిమాకే మనం మనుషులమయ్యాం." నాలుగు సాయంత్రాలు నేనొక వాక్యం చదవటం, అది అప్పజెప్పటం. సరిగ్గా ఈ వాక్యం దగ్గరికొచ్చేసరికి దాని గొంతు పడిపోయేది. ఇక జెండా కింద నీళ్ళు నములుతుందని నాకు లోలోపల సంబరం. "ఇంకా గట్టిగా అనవే," అని గదిమేదాన్ని. గట్టిగానే అనేది.

ఆ రోజు అంతా తడబడకుండా చెబుతూ, "ఓడలెక్కించి" అన్నాక ఆగిపోయింది. మరిచిపోయిందనుకుని హెడ్మాస్టరు సార్, నిరుడు విన్నదే కాబట్టి, తరువాతి మాట అందించాడు.

"ఆ ఓడలో మేమే ఉన్నామండి," అంది సార్‌తో.

ఆ ఒక్క మాటే అని దిగి వచ్చేసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సార్ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. అప్పుడు నాకు జాలి కలిగిందని రాస్తే అబద్ధం. ఇన్నేళ్ళలో నా కోసం ఎవరూ కళ్ళద్దాలు తీయలేదు. ఆ మాట నాకెందుకు తట్టలేదని కుళ్ళుకున్నాను.

ఇంటికి నడుస్తూ, ఆ వాక్యం వద్దని ముందే ఎందుకు చెప్పలేదని నిలదీశాను. చెబితే మార్చేదాన్ని కదా అని కూడా అన్నాను.

"చెబుదామనే అనుకున్నానక్కా," అంది. "చెబితే నేర్పటం మానేస్తావేమోనని భయమేసింది. ఇక్కడికొచ్చాక అందరూ నన్ను చూసి ఏడ్చేవాళ్ళే. రోజూ నా పక్కన కూర్చుంది నువ్వొక్కదానివే."