చేదు చూసే పని

మా ఇంట్లో దోసకాయ కోసినప్పుడు చేదు చూసే పని నాది. అమ్మ తొడిమ వైపు నుంచి పలుచని చీలిక ఒకటి కోసి, కత్తిపీట మీద నుంచి లేవకుండానే నా వైపు చాపేది. నేను నమిలి "బాగుంది" అంటే కాయ పప్పులోకి పోయేది. "చేదు" అంటే పెరటి గోడ అవతలికి పోయేది. నేను చెప్పాక ఆమె మళ్ళీ రుచి చూసేది కాదు. ఏడేళ్ళ వయసులో మొదలైన ఆ పని డిగ్రీ రెండో సంవత్సరం దాకా నాదే. చదువు, పెళ్ళి మాటలు, బట్టలు, బయటికి వెళ్ళే వేళలు, అన్నిటిలోనూ నా మాట మీద ఇంకొకరి మాట ఉండేది. దోసకాయ విషయంలో మాత్రం నేను చెప్పిందే చివరి మాట.

మా ఊరు మార్కాపురం నుంచి తర్లుపాడు వైపు ఆటోలో అరగంట దూరం. ఇంటి వెనుక పెరడు చిన్నదే. ఉగాది దాటి ఎండ ముదిరేలోపు అది ఇచ్చినంత ఏడాదిలో మరెప్పుడూ ఇచ్చేది కాదు. అమ్మ పొద్దున్నే చేట పట్టుకొని వెళ్ళేది. చేటలో ఏం వస్తే అదే ఆ పూట వంట. రెండు బీరకాయలు దొరికితే కండ కూరకు, చెక్కు పచ్చడికి. ఒకటే దొరికితే చుక్కకూరతో కలిపి పప్పులోకి. మునక్కాయ గింజ గట్టిపడక ముందే పులుసులోకి దిగాలి. గాలికి రాలిన మామిడి పిందె ఏ పప్పులోనైనా ఒదిగిపోతుంది. గోడ వెంబడి ఉన్న చింతచెట్టు చిగురు పదిహేను రోజులకు మించి లేతగా ఉండదు కనుక, తినగా మిగిలింది నీడన ఎండబెట్టి డబ్బాకు ఎత్తేది. వీటన్నిటికంటే మా ముగ్గురికీ ఇష్టమైనది దోసకాయ పప్పు. కందిపప్పు మరీ మెత్తగా ఉడకకూడదు, ముక్క మరీ కరగకూడదు, పైన ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు పడాలి. నాయన తాను పనిచేసే రాతి పలకల ఫ్యాక్టరీ నుంచి మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేది ఆ పప్పు ఉన్న రోజుల్లోనే.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా వీధి బోరు ఎండిపోయింది. రోజు విడిచి రోజు ట్యాంకరు వచ్చేది. మాకు ఎనిమిది బిందెలు దొరికేవి. అంట్లు కడిగిన నీళ్ళు వంగ మొక్కలకు, గోంగూర మడికి సరిపోయేవి గానీ తీగలకు చాలేవి కావు. అందుకని అమ్మ ఆ ఎనిమిదిలో రెండు బిందెలు బీరపాదుకు, దోసపాదుకు పోసేది.

ఆ రోజుల్లోనే కాలేజీ వక్తృత్వ పోటీలో కరువు కాలంలో నీటిపై తొలి హక్కు ఎవరిదన్న అంశం మీద మాట్లాడి మొదటి బహుమతి తెచ్చుకున్నాను. కప్పు సంచిలో పెట్టుకొని ఆటో దిగేసరికి, ట్యాంకరు అప్పుడే వెళ్ళిపోయింది. ఎదురింటి అక్క "మూడే నిండినయి" అంటూ ఖాళీ బిందెలు లోపలికి మోసుకుపోతోంది. ఆమెకు ఇద్దరు చంటిపిల్లలు. పెరట్లోకి వెళ్తే అమ్మ దోసపాదులో బిందె వంచుతోంది.

"అమ్మా, ఎదురింటి అక్కకు ఈ రోజు మూడు బిందెలే దొరికినయి. మనం రెండు బిందెలు మట్టిలో పోస్తున్నాం. ఇది న్యాయమేనా?"

"మట్టిలో ఏందే? తీగ తాగుతుంది గదా."

"తీగ ఎండితే మన కూర మారుతుంది, అంతే. పిల్లలకు నీళ్ళు లేకుంటే?"

కాళ్ళకు అంటిన పలకల పొడి దులుపుకుంటున్న నాయన నవ్వాడు. "కప్పు గెలిచినావని ఇంట్లో గూడా మైకు పెడితివా, పాపా?"

అమ్మ నవ్వలేదు. ఖాళీ బిందె పక్కన పెట్టి, "దాని మాటలో తప్పేముంది? ఎల్లుండి నుంచి ఆ రెండూ ఆమెకే పోస్తాలే" అంది.

ఎదురు వాదన వస్తుందని నేను సిద్ధంగా ఉన్నాను. అది రాలేదు. గెలిచాననుకున్నాను.

అమ్మ అన్న మాట తప్పలేదు. ట్యాంకరు వచ్చిన ప్రతిసారీ రెండు బిందెలు ఎదురింటి గడప ముందు దించి వచ్చేది. బీరతీగ పది రోజుల్లో పోయింది. అక్క ఒకనాడు గుమ్మంలో నిలబడి, "మీ పాప ఉపన్యాసం పుణ్యమా అని నీళ్ళొచ్చినయి, పిన్నీ. మీరు పంపించే బీరకాయలే పోయినయి" అని పరాచికమాడింది. అమ్మ కూడా నవ్వింది. దోసతీగ మొండిది. మధ్యాహ్నానికి ఆకులు ముడుచుకొని, చల్లబడ్డాక మళ్ళీ విచ్చుకునేది. చిన్న చిన్న కాయలు కాసింది.

అలా కాసిన వాటిలో మొదటి రెండూ చేటలోకి వచ్చిన రోజు అమ్మ ఎప్పటిలాగే చీలిక కోసి చాపింది. నోట్లో పెట్టుకున్నాను. చేదు నాలుక మొదలు దాకా పాకింది. నీళ్ళు చాలని దోస చేదెక్కుతుందని మా వైపు ఎవరికి తెలియదు? నాకూ తెలుసు.

"ఎట్లుంది?"

"బాగుంది" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో చాలాకాలం నన్ను నేను ప్రశ్నించుకున్నాను. "చేదు" అంటే నా వాదానికి ఒక ఖరీదు ఉందని, దాన్ని అమ్మ కడుతోందని ఒప్పుకోవాలి. వేదిక మీద ఎదుటివారి వాదంలోని లోపాన్ని వెతకడం నేర్చుకున్నాను. నా న్యాయంలోని నష్టాన్ని చెప్పడం నాకెవరూ నేర్పలేదు. అసలు అది నేర్పవలసిన విషయమని కూడా అప్పుడు తోచలేదు.

అమ్మ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తరువాత కాయలు రెండూ ముక్కలు కోసి పప్పులో వేసింది.

నాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని ఆగిపోయాడు. "ఏందిది? వేపాకు గాని వేసినావా?"

"పాప చూసింది. బాగుందనింది" అంది అమ్మ. ఆ గొంతులో దెప్పిపొడుపు లేదు. ఉంటే తిరిగి ఏదైనా అనగలిగేదాన్ని.

పప్పూ, నీళ్ళూ పారబోసి మళ్ళీ వండే కాలం కాదది. ముగ్గురం మజ్జిగ కలుపుకొని తిన్నాం. మూడు రోజుల తరువాత ఇంకో కాయ కోసింది. నేను పక్కన కూర్చొని చేయి చాపాను. ఆమె చీలికను తన నోట్లోనే పెట్టుకొని, నమిలి, కాయను గోడ అవతలికి విసిరింది. కోపంగా కాదు. ఏళ్ళ తరబడి తానే చూసుకుంటున్నట్టు, మామూలుగా.

ఆ ఎండాకాలం ముగిసేలోపు దోసతీగ కూడా పోయింది. మరుసటి ఏడు నాయన పెరడంతా బండలు పరిపించాడు. దుమ్ము లేదు, బురద లేదు, బట్టలు ఆరేసుకోవడానికి హాయిగా ఉంది.

ఇప్పుడు నేను గుంటూరులో ఒక అద్దె గదిలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. చైత్రం రాగానే మార్కెట్లో ఒకే సైజు దోసకాయలు గుట్టలుగా పోస్తారు. ఇన్నేళ్ళలో వాటిలో ఒక్కటీ చేదు తగల్లేదు. అయినా తొడిమ దగ్గర చీలిక కోసి నోట్లో పెట్టుకుంటాను. "ఎట్లుంది?" అని అడిగేవారు లేక, బాగున్న కాయను ఊరికే నములుతూ పొయ్యి ముందు నిలబడతాను. పప్పు కుదురుతూనే ఉంది. నాకు కావలసింది ఆ పప్పు కాదని తెలుసుకోవడానికే ఇంతకాలం పట్టింది.

ఈ ఉగాదికి ఇంటికి వెళ్ళాను. వీధిలో కుళాయిలు వచ్చాయి, రోజు విడిచి రోజైనా నీళ్ళు వదులుతున్నారు. అమ్మ వంటింట్లో బజారు దోసకాయ తరుగుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, ఆ రోజు కాయ చేదని నాకు తెలుసు. తెలిసే బాగుందన్నా."

ఆమె తరగడం ఆపలేదు. "నాకు తెలీదా? నీ మొహమే చెప్పింది."

"మరి ఎందుకు వండినావు?"

"ఇప్పుడంటావు, ఇప్పుడంటావు అని చూసినా. అనకపోతివి. ఏం చేసేది, వేసినా."

"నీళ్ళ సంగతి నేనన్నది తప్పా?"

"తప్పని నేనెప్పుడన్నా? ఆ పిల్లలిద్దరూ బడికి పోతా ఉండారు. ఇచ్చిన నీళ్ళకు నాకేం బాధ లేదు. చేదైందమ్మా అని ఒక్క మాట అనుంటే ఇద్దరం నవ్వుకొని పారేసుంటిమి గదే."

పెరట్లో గోడ వారగా నాలుగు బండలు లేపితే ఒక దోసపాదుకు చోటు సరిపోతుందని, నాయనతో నేను మాట్లాడతానని, ఇప్పుడు నీళ్ళకూ ఇబ్బంది లేదని ఒక్కొక్కటిగా చెప్పాను. అన్నీ మంచి కారణాలే.

అమ్మ చివరిదాకా విని, "పెడితే చేదు చూసేదెవరు?" అంది.

నాకున్నది రెండు రోజుల సెలవు. అది ఆమెకూ తెలుసు.