మూడు సున్నాల ఫోల్డరు

1999 వేసవి. గోదావరిఖనిలో కంప్యూటర్ ఉన్న టైపింగ్ షాపులు అప్పటికి తక్కువ. విజయక్కది అందులో ఒకటి. ముందు జిరాక్స్ మిషన్, వెనక కర్టెన్ చాటున కంప్యూటర్, పక్కనే ఒక స్టూలు. బొగ్గుబావుల కాలనీ మనుషులు ఆ స్టూలు మీద కూర్చుని చెబుతుంటే ఆమె టైపు చేసేది. సెలవు దరఖాస్తు, క్వార్టర్ మార్పు అర్జీ, ఇంట్లో పోరు మీద ఫిర్యాదు, ఏదైనా సరే. నేను రేడియోలు బాగు చేస్తూ చేస్తూ కంప్యూటర్లలోకి వచ్చినవాణ్ణి. మిషన్లు విప్పి, పుస్తకాలు తిప్పి సొంతంగా నేర్చుకున్నాను. పని అయ్యాక లెక్క కుదిరిందా లేదా చూసుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు.

విజయక్క కొత్త మిషన్ కొనుక్కుని పాతది అమ్మేస్తోంది. కొనేవాడి పేరు తిరుపతి. చెన్నూరులో షాపు పెడుతున్నాడు, సాయంత్రం వచ్చి తీసుకుపోతానన్నాడు. ఫ్లాపీ డ్రైవ్ నడుస్తోందో లేదో చూడమని నన్ను పిలిచింది.

"మొన్ననే కరీంనగర్ నుంచి మెకానిక్ వచ్చి కొత్త విండోస్ ఎక్కించిండు సదన్నా. పాతయి ఏం లెవ్వన్నడు. నువ్వు జర ఫ్లాపీ ఒక్కటి సూడు."

ఫ్లాపీ డ్రైవ్ బాగానే ఉంది. తెర మీద కూడా నాలుగు బొమ్మలే, శుభ్రంగా ఉంది. లేవబోతూ అలవాటు కొద్దీ డిస్క్ లెక్క చూశాను. రెండు గిగాబైట్ల డిస్క్. ఉన్నది కొత్త విండోస్ ఒక్కటే అయితే రెండు వందల యాభై మెగాబైట్లు వాడుకుని ఉండాలి. అక్కడ ఏడు వందలు చూపిస్తోంది.

మళ్లీ కూర్చున్నాను. నాలుగు వందల యాభై మెగాబైట్లు ఊరికే ఎక్కడికీ పోవు. ఎక్కడో కూర్చుని ఉంటాయి.

డిస్క్ తెరిస్తే విండోస్ ఫోల్డర్లు రెండు కనిపించాయి. ఒకటి మామూలుది. రెండోదాని పేరు చివర చుక్క పెట్టి మూడు సున్నాలున్నాయి. ఇది ఎలా వస్తుందంటే, పాత విండోస్‌ను కదిలించకుండా కొత్తదాన్ని విడిగా వేసేటప్పుడు, ఈ సున్నాల పేరు పెట్టమంటావా అని ఇన్‌స్టాలేషన్ అడుగుతుంది. మెకానిక్ సరే అని నొక్కి ఉంటాడు. తెర మీద కనిపించేది సున్నాల ఫోల్డరు. పాతది ఉన్నది ఉన్నట్టే పక్కన ఉండిపోయింది.

ఆ పాతదాంట్లో ప్రొఫైల్స్ అనే ఫోల్డరు ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కో పేరుతో మిషన్‌లోకి వస్తే, ఎవరి కాగితాలు వాళ్లకు విడిగా దాచే చోటు అది. విజయక్క తరచుగా వచ్చేవాళ్లకు తలా ఒక పేరు తెరిచింది, ఒకరి కాగితం ఇంకొకరికి కనపడకూడదని. గుట్టుగా ఉండాలని మనుషుల పేర్లు పెట్టలేదు, క్వార్టర్ నంబర్లు పెట్టింది. కానీ మా కాలనీలో మనిషి పేరు మరిచిపోతారేమో గాని క్వార్టర్ నంబరు ఎవరూ మరిచిపోరు.

నంబర్లు వరసగా తెర మీదికి వచ్చాయి. నా భుజం మీదుగా చూస్తున్న విజయక్క స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"టీ-టూ 348 ఉన్నదా అన్నా?"

"ఉన్నది. ఎవలది?"

"రాజేశ్వరిది. గా తిరుపతి సొంత వదినె."

రాజేశ్వరి నాకు తెలుసు. ఆమె భర్త, తిరుపతికి అన్న, బావిలో బొగ్గు తొట్లు లాగే హాలేజ్ మిషన్ దగ్గర పని చేసేవాడు. తాగి వచ్చి ఆమెను కొడతాడని క్వార్టర్ల లైన్ అంతటికీ తెలుసు. కంపెనీ వెల్ఫేర్ ఆఫీసరుకు ఇవ్వడానికి ఆమె కొన్నాళ్లుగా ఇక్కడ ఫిర్యాదు రాయించుకుంటోంది. బిడ్డ పరీక్షలు అయ్యాక ఇద్దామని ఆగింది. ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ముందే తెలిస్తే ఆమెను బతుకనియ్యరన్నా" అంది విజయక్క. "నిన్న గీ తిరుపతి ఏమన్నడో ఎరుకేనా? 'ఏం తుడువకక్కా, ఎట్లున్నదట్లనే ఇయ్యి' అన్నడు. తుడిస్తె మిషన్ల తెలుగు అక్షరాలు పోతయని భయపడుతుండు అనుకున్న."

"ఫోల్డర్ తీసేస్తే సరిపోదక్కా. తీసేసింది మళ్లీ పైకి తెచ్చే ఉపాయాలున్నయి. డిస్క్ మొత్తం ఫార్మాట్ చేసి, మొదటి నుంచి ఎక్కియ్యాలె."

"ఎక్కియ్యి. గని ఎవలయి వాళ్లకు ఇయ్యకుంట ఎట్ల తుడుస్తం? క్వార్టర్ ఖాళీ చేసేటోళ్లు సామాన్ బైట పెట్టినంకనే గద తాళం ఇచ్చేది."

ఆ మాట నాకు నచ్చింది. తలా ఒక ఫ్లాపీ తీసి, నంబరు రాసి కాగితాలు ఎక్కించడం మొదలుపెట్టాను. రాజేశ్వరికి కబురు పోయింది. కూరగాయల సంచితో వచ్చింది, నుదుటి మీద మానుతున్న దెబ్బ.

"నా కాయితం గీ డబ్బల ఇంక ఉన్నదా అన్నా? తుడిసిన్రన్నరు."

"ఉన్నదమ్మా. గీ ఫ్లాపీల ఎక్కించిన. తెరిచి సూపిస్త, సరిగున్నదో సూడు."

పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదువుకుంది. తిరుపతి సాయంత్రం వస్తున్నాడని విజయక్క చెప్పింది.

"ప్రింటు తియ్యక్కా" అంది రాజేశ్వరి. "పరీక్షలు అయినంక అనుకున్న. ఇగ ఆగుడెందుకు? ఆఫీస్ బందు గాకముందే ఇచ్చొస్త."

కాగితం మడిచి, ఫ్లాపీతోపాటు వంకాయల కింద పెట్టుకుని వెళ్లిపోయింది. మిగతావాళ్లు కూడా వచ్చి ఎవరి ఫ్లాపీ వాళ్లు తీసుకుపోయారు.

ఇక నా పని. బూట్ ఫ్లాపీ, అంటే డిస్క్‌తో పని లేకుండా మిషన్‌ను లేపే ఫ్లాపీ, పెట్టి ఫార్మాట్ ఇచ్చాను. ఒకటి, రెండు, మూడు శాతం అని తెర మీద అంకెలు ఎక్కుతుంటే వాటినే చూస్తూ కూర్చున్నాను. ఫార్మాట్ అయినంత మాత్రాన పాత రాతలు పూర్తిగా పోవు, వాటి మీద కొత్తవి పడాలి. అందుకని విండోస్ సీడీలోని ఫోల్డరునే డిస్క్ మీదికి మళ్లీ మళ్లీ కాపీ కొట్టాను. ఇక చోటు లేదని మిషన్ చెప్పేదాకా వదల్లేదు. ఆ మాట తెర మీద పడగానే విజయక్క, "నిండిందా? నిండిందా అన్నా?" అంటూ కర్టెన్ పక్కకు లాగి వచ్చింది. మళ్లీ ఫార్మాట్ చేసి, అప్పుడు విండోస్ ఎక్కించాను. ఈసారి ఒకటే ఫోల్డరు, సున్నాలు లేవు. వాడింది రెండు వందల యాభై లోపే. ఖాళీది, వాడింది కూడితే డిస్క్ మొత్తానికి సరిగ్గా సరిపోయింది. ఆ కూడిక చూసి నేను నవ్వుతూనే ఉన్నాను.

తిరుపతి వచ్చాడు. మిషన్ ఆన్ చేసి, డిస్క్ తెరిచి, చాలాసేపు అటూ ఇటూ వెతికాడు.

"మా వదినె గూడ నీ తాన ఏదో రాయించిందట గదక్కా?"

"మస్తుమంది రాయించుకుంటరు తమ్మీ. అందరియి యాదికుంటయా?"

"మరి గీండ్ల ఏం లేదేంది? పాతయన్ని ఏడవొయినయ్?"

విజయక్క వైర్లు చుడుతూ తల ఎత్తకుండానే అంది, "ఎవలయి వాళ్లు తీస్కపోయిన్రు."

ఆ కాగితం అప్పటికే ఆఫీసులో ముట్టింది. రసీదు చూపించడానికి రాజేశ్వరి మరునాడు షాపుకు వచ్చింది.

తెర కొత్తగా కనబడినంత మాత్రాన డిస్క్ ఖాళీ అయినట్టు కాదని ఆ రోజు నేర్చుకున్నాను. అప్పటినుంచి ఏ మిషన్ తుడిచినా ముందూ వెనకా కూడిక చేస్తాను. దానికంటే ముందు ఒక మాట అడుగుతాను, ఇందులో ఎవరి సామాను ఉందని.