మల్లేశం పనిచేసిన చోట ఇప్పుడు వనం

మా వీధిలో బట్టలు కుట్టే స్వరూప ఒకరోజు నన్ను అడిగింది. "అక్కా, మీరంత కలిసి వాకింగ్‌కు పోతరు గద, ఈసారి నన్ను గూడ తీస్కపోరాదు?" ఆ ఆదివారం మా బృందం పటాన్‌చెరు దగ్గరి ప్రకృతి వనానికి వెళ్తోంది. మూతపడిన మందుల ఫ్యాక్టరీ స్థలంలో పెంచిన వనం అది. చాలా ఏళ్ల కిందట ఆ ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలినప్పుడే స్వరూప భర్త మల్లేశం పోయాడు. శవం దొరకలేదు.

పొద్దున్నే లింగంపల్లిలో బస్సెక్కి పటాన్‌చెరులో దిగాము. అక్కడి నుంచి కర్దనూర్ వైపు షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. "పార్కా? ముందుగాల గాడికెళ్లి ముక్కు మూస్కొని పోయేటోళ్లం," అన్నాడు డ్రైవరు. స్వరూప ఒళ్లో టిఫిన్ డబ్బా పట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

లోపల మట్టిబాట చదునుగా ఉంటుంది, రెండు గంటల్లో చుట్టి రావచ్చు. వేపలు, కానుగలు బాగా ఎదిగాయి. మధ్యమధ్య తుప్పు పట్టిన పైపులు, కాంక్రీటు దిమ్మెలు. బాట మలుపు తిరిగే చోట, పగిలిన గోడ మీద వెలిసిపోయిన ఎర్ర అక్షరాలు కనిపించాయి: మూడవ బ్లాకు. స్వరూప ఆగిపోయింది.

"గిదేనక్కా. మూడో బ్లాకుల డ్యూటీ అని చెప్పేటోడు."

విస్తరాకు పరిచి, డబ్బాలోని అన్నం, తలకాయ కూర వడ్డించింది. కాపలాదారు పరుగున వచ్చాడు. "అమ్మా, ఈడ తిండి పెట్టద్దు, కోతులొస్తయి. తియ్యుండ్రి."

"మేము తినెటందుకు కాదన్నా. మా ఆయన ఈడనే పోయిండు. మనిషి దొరకలే, బొక్కలు గూడ దొరకలే. ఇంకేడ పెట్టాలె, నువ్వే చెప్పు."

అతను చేతికర్రతో, కోతులు రాకుండా కాస్త దూరంలో నిలబడ్డాడు.

కాకి కోసం చాలాసేపు చూశాము. ఒక్కటీ రాలేదు. అవతలి దిమ్మెల మీద ఎవరో ఫొటోలు దిగుతూ నవ్వుతున్నారు. చివరికి స్వరూప ఆకు ముందు కూలబడింది. "తినవా? ఆ పొద్దు గూడ తినకుంటనే పోతివి," అంటూ గుండె పగిలేలా ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

చెట్లు పెంచినవాళ్లను తప్పుపట్టలేను. ఆ నేల మీద మళ్లీ పచ్చదనం రావడం మంచిదే. గేటు దగ్గరి బోర్డు మీద అక్కడి చెట్ల పేర్లన్నీ రాశారు. అక్కడ పోయిన మనుషుల పేరు ఒక్కటీ లేదు.

వెళ్లేవాళ్లు తాగే నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకోండి. లోపల బోరు ఉంది గానీ, ఆ నీళ్లు తాగొద్దని కాపలాదారే చెప్పాడు.