పదకొండు జవాబు పత్రాల కోసం మళ్లీ మెదక్‌కు

ఎం.ఎడ్. పరిశోధన పత్రం సమర్పించడానికి ఇంకా తొమ్మిది రోజులే గడువుందనగా, అయిపోయిందనుకున్న పని కోసం నాలుగోసారి మెదక్ బయల్దేరాను. నాలుగో తరగతి పిల్లలు తెలుగు చదివి ఎంతవరకు అర్థం చేసుకుంటారన్నది నా అంశం. రోజూ ఒక కథ చదివి వినిపించే బడుల్లో పిల్లలు మెరుగ్గా చదువుతారని నా నమ్మకం. మెదక్ చుట్టుపక్కల నాలుగు బడులు తిరిగి పరీక్ష పెట్టాను. మార్కులు కంప్యూటర్లో ఎక్కిస్తుంటే ఒక బడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. పదకొండు మందీ ఆరో ప్రశ్నకు ఒకే వాక్యం రాశారు, కామాతో సహా. నాలుగో తరగతి పిల్లలు కామా పెట్టడం నా పదిహేనేళ్ల టీచర్ ఉద్యోగంలో చూడలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. ఆ రోజు నేను తిరుగు బస్సు తప్పిపోతుందని ప్రశ్నపత్రాలు టీచర్ చేతిలో పెట్టి వచ్చేశాను. జవాబులు తర్వాత కొరియర్లో వచ్చాయి. మా గైడ్ మేడంకు చూపిస్తే కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు. "ఆ బడి తీసేస్తే నమూనా చాలదమ్మా. మళ్లీ వెళ్లే ఓపిక ఉందా మరి?" అన్నారు. లేదు. పగలంతా ప్రైవేటు స్కూల్లో పాఠాలు, ఇంటికొచ్చి ఈ రాత. రెండేళ్లుగా ఇదే. అయినా మిగిలిన ఒకే ఒక్క సెలవు పెట్టేశాను.

ఉదయం ఆరుంబావుకు బాలానగర్‌లో బస్సెక్కాను. మహిళలకు జీరో టికెట్ కాబట్టి ఖర్చు లేదు, సీటూ లేదు. ఏడుపాయల అమ్మవారి దగ్గరికి వెళ్లే కుటుంబాలతో బస్సు కిక్కిరిసి ఉంది. నర్సాపూర్ దాకా నిలబడే వెళ్లాను. అడవి వచ్చేసరికి సీటు దొరికింది, వెంటనే నిద్రపోయాను. అందుకే దారి ఎలా ఉంటుందని అడిగితే చెప్పలేను. ఎనిమిదిన్నరకు మెదక్‌లో దిగి, బస్టాండ్ ఎదురుగా నలభై రూపాయల పూరీ తిని, కొత్త ప్రశ్నపత్రం జిరాక్స్ తీయించుకున్నాను. బడి టేక్మాల్ దారిలో లోపలికి ఉన్న ఊళ్లో. బస్సు దిగాక నడవాలి కాబట్టి ఆటో మాట్లాడుకున్నాను. రానూపోనూ ఐదు వందలు, అక్కడ ఆగినందుకు ఇంకో వంద.

"ఏడుపాయలకా మేడం? ఇయ్యాల మస్తు రష్ ఉంటది" అన్నాడు ఆటో నడిపే ఖాజా భాయ్.

"కాదు, బడికి."

"కొత్త టీచరా మీరు?"

"కాదు, చదువుకుంటున్నాను."

అద్దంలోంచి నా తలలో తెల్లవెంట్రుకలు ఒకసారి చూశాడు. "ఇంకానా మేడం?" అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే జాలి పడ్డట్టున్నాడు. నలభై నిమిషాల్లో బడి ముందు దింపాడు.

బడిలో సుగుణ టీచర్ ఒక్కరే, హెడ్మాస్టరూ ఆవిడే. రెండు గదులు, ఐదు తరగతులు. నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేశారు. నేను సంచిలోంచి పాత జవాబు పత్రాలు తీశాను. ఎలా అడగాలో దారంతా అనుకుంటూనే వచ్చాను గాని ఆ అవసరం రాలేదు. ఆవిడ పైన ఉన్న ఒక్క పత్రం చూసి తిరిగి నా చేతికిచ్చారు.

"బోర్డు మీద నేనే రాసిన మేడం. మీరు పొయ్యినంక పిల్లలు గంటసేపు పేపర్ దిక్కు చూసుకుంట కూసున్నరు. ఒక్కరు గూడ రాయలే. ఖాళీ పేపర్లు పంపిస్తే బడి మీద ఏం రాస్తరో అని భయమైంది."

కోపం రావలసింది. వచ్చే ఓపిక లేక కాబోలు, ఇంకో ప్రశ్న అడిగాను. "రోజూ కథ చెప్తున్నారు కదా టీచర్?"

"ఎప్పుడు చెప్పాలె మేడం? హాజరు ఫోన్ల ఎక్కియ్యాలె, గుడ్ల లెక్క ఎక్కియ్యాలె. వారంల ఒక్కరోజు చెప్తే గొప్ప."

నా ఫారంలో ఈ బడికి 'రోజూ' అన్న గడిలో టిక్కు ఉంది. అది ఆవిడ పెట్టింది కాదు. మొదటిసారి వచ్చినప్పుడు నేను "రోజూ చెప్తారా?" అని అడిగితే ఆవిడ మొహమాటంగా నవ్వారు. ఆ నవ్వును అవునని తీసుకుని టిక్కు పెట్టింది నేను. బోర్డు మీద ఆవిడ రాసినదానికీ నేను పెట్టినదానికీ పెద్ద తేడా ఏముంది? ఆ మాటే ఆవిడతో చెప్పాను.

పదకొండు మందిలో తొమ్మిది మందే వచ్చారు ఆ రోజు. ఈసారి పత్రాలు పంచి గదిలోనే కూర్చున్నాను. నడుము నొప్పికి గోడకు ఆనుకుని, చివరి పిల్లాడు పెన్సిల్ కింద పెట్టేదాకా. మహేశ్వరి అనే అమ్మాయి పత్రంలోని పేరాలో రెండో వరుస మీద వేలు పెట్టి అక్కడే ఆగిపోయింది. పక్కకు వెళ్లి కూర్చుంటే గుసగుసగా అడిగింది.

"పోయినసారి రాసినయి తప్పాయెనా మేడం?"

"తప్పు కాదు. అవి నీవి కావు, అంతే."

"నాకు చదువనీకి రాదు. వింటే సమజైతది."

పత్రం తీసుకుని ఆ పేరా మెల్లగా చదివి వినిపించాను. ఒక్క ప్రశ్న తప్ప అన్నింటికీ నోటితో సరైన జవాబు చెప్పింది. నాది చదివే పరీక్ష కాబట్టి ఆమెకు మార్కులు వేయడానికి లేదు. మరో ముగ్గురికి అలాగే చదివి వినిపించాను, వాళ్లూ చెప్పారు. చెప్పిందంతా పత్రాల వెనుక రాసుకున్నాను.

మధ్యాహ్నం వంట చేసే ఆమె పళ్లెంలో అన్నం, పప్పు, గుడ్డు పెట్టుకొచ్చింది. "మొఖం ఎట్ల గుంజుకపోయింది. జరంత తినుండ్రి మేడం" అంది. తిన్నాను. వెళ్లేముందు, పరీక్ష ఈ బడిలో జరిగిందని హెడ్మాస్టర్ ఇచ్చే ధ్రువపత్రం ముందు పెడితే సుగుణ టీచర్ పెన్ను పట్టుకుని ఆగారు.

"బోర్డు మీద రాసిన సంగతి గూడ రాస్తరా?"

"రాస్తాను టీచర్. నేను పత్రాలు వదిలేసి వెళ్లిన సంగతి కూడా. బడి పేరు, మీ పేరు ఉండవు."

కాసేపు కిటికీలోంచి పిల్లల వైపు చూసి సంతకం పెట్టారు. స్టాంపు రెండుసార్లు వేశారు, మొదటిది సరిగా పడలేదని.

మూడు గంటలకు మెదక్ బస్టాండ్‌లో ఉన్నాను. నాలుగుసార్లు ఈ ఊరొచ్చి, అందరూ చూడ్డానికొచ్చే ఇక్కడి పెద్ద చర్చి లోపలికి ఒక్కసారీ వెళ్లలేదు. ఆ రోజు టైమున్నా కాళ్లు రాలేదు. టీ తాగి బస్సెక్కాను.

ఆ టిక్కు సరిచేసి కొత్త మార్కులు వేసేసరికి నా నమ్మకం నిలబడలేదు. కథలు చెప్పే బడులకూ చెప్పని బడులకూ తేడా ఉందని నా డేటా చూపలేకపోయింది, అదే రాశాను. మౌఖిక పరీక్షలో "రెండేళ్లు చేసి తేలలేదంటారా?" అని అడిగారు. తేలలేదన్నాను. తర్వాత ఆ పత్రాల వెనుక రాతల గురించే ఎక్కువసేపు అడిగి పాస్ చేశారు. బైండింగ్ అయి వచ్చిన రోజు సంతోషం రాలేదు, నిద్ర వచ్చింది. నా పుస్తకంలో అన్నిటికన్నా పొడుగైనది, పనిలో లోపాలు ఒప్పుకునే 'పరిమితులు' అన్న భాగం. మిగతా పేజీల్లో ఇంకెవరి గొంతో వినిపిస్తుంది. ఆ పేజీలు మాత్రం తిరిగి చదువుకుంటే నాకు సిగ్గనిపించదు.

ఇలాంటి పని మీద అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. పొద్దున్నే బస్సు పట్టుకుని, పరీక్ష మధ్యాహ్న భోజనానికి ముందే ముగించండి. తిన్నాక పిల్లలు తూగుతారు. మీరూ తూగుతారు.