స్టాపు కాని చోట ఆగిన బస్సు

నా చిన్నప్పుడు మేము సరూర్‌నగర్‌లో, చెరువుకు కాస్త ఇవతల ఒక సందులో, రెండు గదులు కిరాయికి తీసుకొని ఉండేవాళ్ళం. మాది నల్లగొండ వైపు పల్లె. నాన్నకు సిటీ బస్సు డ్రైవరుగా ఉద్యోగం దొరికాక అమ్మానాన్నలు నన్ను చంకనేసుకొని పట్నం వచ్చేశారు. నాన్న బస్సు దిల్‌సుఖ్‌నగర్ నుంచి సికింద్రాబాద్‌కు తిరిగేది. మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆయన ఖాకీ చొక్కా చెమటకు తడిసి, ఆరి, అట్టకట్టి ఉండేది. అమ్మ చెంబుతో నీళ్ళందిస్తూ, "ఇయ్యాల ఎవరితోని కొట్లాట?" అని నవ్వుతూ అడిగేది. ఆయన చెప్పేవాడు. ఫుట్‌బోర్డు మీద వేలాడిన కాలేజీ పిల్లలు, చిల్లర దగ్గర గొడవపడిన ముసలాయన, అడ్డం వచ్చిన రిక్షా. చెప్పడం పూర్తయ్యేసరికి కంచంలో అన్నం కూడా అయిపోయేది. అది మా ఇంట్లో రోజూ జరిగేదే. దానికో విలువుందని అప్పుడు ఎవరమూ అనుకోలేదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా అమ్మకు కామెర్లు వచ్చాయి. పసరు మందు పోయించారు, దవాఖానలో చేర్పించారు. వానలు మొదలైన రోజుల్లో ఆమె పోయింది.

దినాలు కాగానే నాన్న డ్యూటీకి వెళ్ళిపోయాడు. మాకు వండిపెట్టడానికి మా నానమ్మ ఊరి నుంచి వచ్చి ఉండిపోయింది. నానమ్మ మనసు మంచిది. కానీ పోయినవాళ్ళ మాట ఎత్తితే ఉన్నవాళ్ళు బెంగతో మంచం పడతారని ఆమె నమ్మకం. అమ్మ చీరలన్నీ మూటగట్టి అటక మీద పెట్టించింది. నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని, "మీ నాయిన ముంగట అమ్మ ముచ్చట తియ్యకు బిడ్డా. మొగోడు ఏడిస్తే ఇల్లు నిలువది" అంది. నేను తియ్యలేదు. నాన్న కూడా తియ్యలేదు. ఒకే ఇంట్లో ముగ్గురం, ముగ్గురి కడుపులోనూ ఒకటే మాట, ఎవరి నోటా రాకుండా దాచుకొని తిరిగేవాళ్ళం.

నాన్న ఇతరుల డ్యూటీలు కూడా అడిగి మరీ చేయడం మొదలుపెట్టాడు. ఇంటికొస్తే నాలుగు ముద్దలు తిని గోడవైపు తిరిగి పడుకునేవాడు. తలనొప్పి అనేవాడు. గ్లాసు కింద పడిన చప్పుడుకే ఉలిక్కిపడి కసిరేవాడు. ఒకప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకొని చెరువు దాకా తీసుకుపోయిన మనిషి అతనేనా అనిపించేది.

మా పక్క వాటాలో ఒక నర్సక్క ఉండేది. మెదక్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి. పెళ్ళి కాలేదు, ఒక్కతే ఉండేది. పెద్ద దవాఖానలో పని. ఆమెకొక అలవాటు ఉండేది. డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విప్పి, స్టవ్ మీద చాయ పెట్టుకొని, ఆ గ్లాసుతో బయటి మెట్ల మీదికొచ్చి కూర్చునేది. ఆ చాయ అయ్యేదాకా ఇంటి పని ఏదీ ముట్టేది కాదు. ఒక్కోసారి అక్కడే, అందరూ చూస్తుండగానే, కళ్ళ వెంట నీళ్ళు కారేవి. కొంగుతో తుడుచుకొని లోపలికి వెళ్ళి బియ్యం కడిగేది. ఎందుకక్కా ఏడుస్తావని ఒకసారి అడిగాను. "ఇయ్యాల ఒక పసిపిల్ల పోయింది చెల్లె. నా చేతులనే పోయింది. గా బరువు మోసుకొని ఇంట్లకు పోతే రేపు డ్యూటీకి లేస్తనా? ఈడనే దించాలె" అంది. నాకు అప్పుడు సగమే అర్థమైంది.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం, నాన్న బస్సులో కండక్టరుగా చేసే మామ ఆయన్ను ఆటోలో తీసుకొచ్చాడు. నాన్న చెయ్యి పట్టుకొని దింపుతుంటే నాన్న చిన్నపిల్లవాడిలా దిగాడు. చూపు ఎక్కడో ఉంది. నానమ్మ గుండెలు బాదుకుంటూ ఎదురెళ్ళింది.

"దెబ్బలేం తగల్లేదమ్మా, పరేషాన్ గాకు" అన్నాడు కండక్టర్ మామ. "నడిరోడ్డు మీద బస్సు ఆపిండు. ఎన్కున్నోళ్ళు ఒకల మీద ఒకలు పడ్డరు. ఇగ బండి తియ్యమంటే తియ్యడు. పిలిస్తే పలుకడు. స్టీరింగ్ మీదికెల్లి చేతులు నేనే ఇడిపించిన."

నానమ్మ దిష్టి తీయడానికి ఎండుమిరపకాయల కోసం లోపలికి పరుగెత్తింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన నర్సక్క, తెల్లచీర కూడా మార్చుకోకుండా మా గుమ్మంలోకి వచ్చింది. నాన్న నాడి చూసింది, కనురెప్పలు పైకెత్తి చూసింది. కండక్టర్ మామ చెప్పిందంతా విన్నది. "ఒంట్లె ఏం రోగం లేదు. లోపల జమైంది" అని, నాన్నను నెమ్మదిగా లేపి తీసుకెళ్ళి తను రోజూ కూర్చునే మెట్ల మీద కూర్చోబెట్టింది. చాయ పెట్టి తెచ్చి చేతికిచ్చింది.

తర్వాత నన్ను పక్కకు పిలిచింది. వంగి నా చెవిలో చెప్పింది. "పోయి మీ నాయిన పక్కన కూసో. ఏం అడగకు. ఆయన మాట్లాడితే ఇను. ఏడిస్తే మాత్రం ఊకో అనకు."

"ఎందుకక్కా?"

"ఊకో అంటే ఊకుంటడు. ఇన్ని దినాల సంది ఊకున్నదే కదా లోపల జమైంది."

నేను వెళ్ళి కూర్చున్నాను. చాయ చల్లారి మీద మీగడ కట్టింది. సందులోంచి చెరువు వైపు బర్రెలు పోతున్నాయి. నాకు భయంగా ఉంది, ఈయన ఇక ఎప్పటికీ మాట్లాడడేమోనని. ఏదైనా అడుగుదామని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"మలక్‌పేట దాటి వస్తున్న బిడ్డా" అన్నాడు నాన్న ఉన్నట్టుండి, గ్లాసులోకి చూస్తూ. "రోడ్డు పక్కన ఒకామె నిలబడి చెయ్యెత్తింది. పచ్చచీర. కొంగు మీ అమ్మ లెక్కనే నడుముకు చెక్కుకున్నది. ఆడ స్టాపు లేదు. నాకు తెలుసు, లేదు. అయినా ఆపిన." గ్లాసును వేళ్ళతో తిప్పాడు. "ఎక్కించుకుందామని ఆపిన. ఇంటికి తీస్కపోదామని."

నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"దగ్గరికొచ్చింది. మొకం చూస్తే ఎవరో. దిల్‌సుఖ్‌నగర్ పోతదా అని అడిగింది. నాకు నోరు రాలే. పోతదని చెప్పొచ్చు గదా, చెప్పలేకపోయిన..."

అంతే. గ్లాసు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద తల ఆనించి ఏడ్చాడు. నాన్న ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. అమ్మను తీసుకెళ్ళిన రోజు కూడా ఏడవలేదు. ఆ ఏడుపు ఏడుపులా లేదు, ఎక్కడో లోతు నుంచి పెళ్ళగించుకొని వస్తున్నట్టుంది. ఊకో నాయినా అందామని నా పెదవులు కదిలాయి. పళ్ళతో కొరికి పట్టుకున్నాను. ఆయనకు ఆనుకొని కూర్చున్నాను, అంతే.

చప్పుడుకు నానమ్మ బయటికి ఉరికొచ్చింది. "ఊకో కొడకా, ఊకో" అంటూ దగ్గరికి రాబోతుంటే నర్సక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు ఏడుస్తుండు గదా!"

"ఏడ్వనీ అవ్వా. నువ్వు గూడ కూసో."

నానమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. కాసేపటికి అక్కడే కూలబడింది. "ఊరికొచ్చినప్పుడల్లా నూనె రాసి నా కాళ్ళు పిసికేదానివి కోడలా, ఇగ నా కాళ్ళు ఎవరు పిసుకుతరే" అని ఊళ్ళో ఏడ్చినట్టు రాగం తీసి ఏడ్చింది. ఇన్నాళ్ళూ మమ్మల్ని ఆపిన మనిషి లోపల కూడా అదే ఉంది. ఇక నేనెక్కడ ఆగగలను? కండక్టర్ మామ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సందులో వాళ్ళు తొంగి చూశారు, చూసి తలుపులు దగ్గరికి వేసుకున్నారు.

మేము అలసిపోయేదాకా ఎవరూ మమ్మల్ని ఆపలేదు. పొద్దు వాలుతుండగా నర్సక్క వేడన్నం, పప్పు తెచ్చింది. ఏడ్చినంక ఆకలైతది, తినండి అంది. నిజంగానే ఆకలేసింది. ఆ మెట్ల మీదే తిన్నాం. తింటూ నాన్న, "పప్పుల చింతకాయ వేస్తే ఆమెకు ఇష్టం" అన్నాడు. అమ్మ పోయాక ఏడుపు లేకుండా ఆయన నోట ఆమె మాట రావడం అదే మొదలు. నానమ్మ ఈసారి అడ్డుపడలేదు.

ఆ రోజుతో నాన్న బాధ తీరిందని చెప్పను. తీరలేదు. కొన్నాళ్ళు సెలవు పెట్టాడు, మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నాడు. అదనపు డ్యూటీలు మాత్రం మానేశాడు. ఇంటికొచ్చాక కాసేపు మెట్ల మీద కూర్చునేవాడు, నేను పక్కన కూర్చునేదాన్ని. కొన్ని రోజులు బస్సులో జరిగింది చెప్పేవాడు. కొన్ని రోజులు అమ్మ గురించి. కొన్ని రోజులు ఏమీ లేదు, ఇద్దరం ఊరికే సందులోకి చూసేవాళ్ళం. అమ్మలా నవ్వుతూ అడగడం నాకు చేతకాలేదు. విన్నాను, అంతే.

రెండేళ్ళకో ఏమో నర్సక్కకు బదిలీ అయింది. సామాను కట్టుకుంటుంటే అడిగాను, అందరి బాధా నువ్వు వింటావు కదా, నీది ఎవరు వింటారని. "నువ్వు ఇన్నవ్ గదా చెల్లె, ఆ పసిపిల్ల ముచ్చట" అంది. నేను విన్నానని నాకే తెలియదు. మళ్ళీ ఆమెను చూడలేదు.

పెద్దయ్యాక నాకూ కోఠిలో ఒక ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. రోజంతా పై అధికారుల మాటలు పడి, కిక్కిరిసిన బస్సులో నిలబడి ఎల్బీ నగర్‌లో దిగి, మన్సూరాబాద్‌లో ఇల్లు చేరేసరికి పిల్లలు, పొయ్యి, అత్తగారి మందులు ఎదురుచూసేవి. మనసు బాగాలేని రోజున బాగాలేదని మా ఆయనతో చెప్పేదాన్ని. ఆయనకు మొదట్లో వినడం రాలేదు, వెంటనే ఏదో సలహా చెప్పేవాడు. నెమ్మదిగా నేర్చుకున్నాడు.

నాన్న పోయిన రోజున మన్సూరాబాద్‌లో మా ఇంటి నిండా మనుషులు. ప్రేమ కొద్దీనే, నా తల నిమురుతూ ప్రతివాళ్ళూ ఊకో, ఊకో అన్నారు. మా ఆయన బయట సాగనంపే ఏర్పాట్లలో ఉన్నాడు. వాళ్ళను ఆపి, దాన్ని ఏడవనియ్యండి అనే మనిషి ఆ ఇంట్లో ఒక్కరు కూడా లేరు. ఆ కొరత ఎంతటిదో ఆ రోజు నాకు తెలిసింది.

అందుకే ఎవరింట్లో ఏ కష్టం వచ్చినా వెళ్తాను. ఏడ్చేవాళ్ళ పక్కన చోటు చూసుకొని కూర్చుంటాను. నా నోట ఓదార్పు మాట రాదని, ఈమెది రాతిగుండె అని చుట్టాల్లో కొందరు అంటారట. అననీ. వాళ్ళ ఏడుపు అయ్యేదాకా నేను లేవను.